ఆరు లక్షల బాకీ.. అన్ని వేషాలూ ఒక్కరివే!

ఉత్తరీయం భుజం మీద వేలాడితే గోపన్న. అదే నడుముకు బిగిస్తే గోల్కొండ కోట జవాను. తలకు చుట్టి, గడ్డం కాస్త పైకెత్తితే తానీషా. కాళ్ల గజ్జెలు అవే, చేతిలో చిడతలు అవే, మెడలో దండ అదే. తెర లేదు, రంగు లేదు, తెర వెనక్కి వెళ్లి వేషం మార్చుకునే వ్యవధి అంతకన్నా లేదు. వనపర్తి జిల్లా కొత్తకోట ప్రాంతంలో శ్రీరామనవమి పందిట్లో కూర్చుని రామదాసు చరిత్రను హరికథగా విన్నవాళ్లకు కథ చెప్పే దాసుగారి ఈ విద్య తెలిసిందే.

ఈ కథను భక్తి కథ అనే అంటాం. కాదనను. కానీ దీన్ని నడిపించేది పైకం. రామదాసుగా పేరుపడ్డ నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. మేనమామలు అక్కన్న, మాదన్నలు గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు. వసూలైన శిస్తు సొమ్ముతో గోపన్న భద్రాచలంలో గుడి కట్టించాడు, దేవుడికి నగలు చేయించాడు. బాకీ ఆరు లక్షలని, చెర పన్నెండేళ్లని జనం చెప్పుకునే లెక్క. చెరలో ఆయన పాడాడని చెప్పే ‘ఇక్ష్వాకుకుల తిలక’ కీర్తన అచ్చంగా ఖర్చుల చిట్టా. సీతమ్మకు ఏ నగ, లక్ష్మణుడికి ఏది, దేనికి ఎంత పట్టింది.. అన్నీ రాముడికే అప్పజెబుతాడు. దెబ్బలకు ఓర్వలేక దేవుణ్నే తిడతాడు, మళ్లీ అదే నోటితో మన్నించమంటాడు.

మరి తానీషా సంగతి? సినిమాలోనో పద్యనాటకంలోనో అయితే ఆయనకు వేరే నటుడు ఉంటాడు. మన మనసు మొదటి నుంచీ గోపన్న వైపే ఉంటుంది. హరికథలో అలా కుదరదు. గోపన్నగా కన్నీళ్లు పెట్టుకున్న మనిషే మరుక్షణం సింహాసనం మీద నుంచి లెక్క అడగాలి. పాలమూరు యాసలో ‘సర్కారు పైసలు యాడ వెట్టినవ్ గోపన్నా?’ అని గద్దించినప్పుడు ఆ గొంతులో నిజం లేకపోతే కథ అక్కడే చప్పబడుతుంది. నిజం ఉండేందుకు ఆధారమూ ఉంది. 1636 ఒప్పందంతో గోల్కొండ ఏటా రెండు లక్షల హొన్నులు మొగలు చక్రవర్తికి కప్పంగా కట్టాల్సి వచ్చింది. తానీషా నాటికి ఔరంగజేబు ఒత్తిడి ఇంకా పెరిగింది. 1687లో కోటే పోయింది. రైతు కట్టిన శిస్తును అడగకుండా ఖర్చుపెడితే ఏ ప్రభువు ఊరుకుంటాడు? ఈ ప్రశ్న ఒక భక్తుడి నోటి నుంచే రావడం హరికథకు మాత్రమే సాధ్యమైన న్యాయమని నా నమ్మకం.

ఒక్కరే పలువురై డబ్బు కథ చెప్పడానికి దేశాంతరంలోనూ ఆదరణ దొరికింది. ఇటలీ రచయిత స్టెఫానో మస్సీనీ రాసిన ‘ది లేమన్ ట్రిలజీ’ని 2018లో లండన్ నేషనల్ థియేటర్ ఇంగ్లిష్‌లో ఆడించింది. అమెరికాలో బట్టల కొట్టుతో, పత్తి బేరంతో మొదలై 2008లో దివాలా తీసిన లేమన్ కుటుంబ సంస్థ చరిత్ర అది. ముగ్గురే నటులు. అన్నదమ్ములు, భార్యలు, మనవలు, బేరగాళ్లు అందరూ ఆ ముగ్గురే. 2022లో ఉత్తమ నాటకంగా టోనీ అవార్డు అందుకుంది. మన దాసుగారికి ఇంకో ఇద్దరి తోడు కూడా లేదు. ఉన్నది వయొలిన్, మృదంగం. కొరడా దెబ్బను మృదంగమే కొడుతుంది, దాసుగారి వీపు ఒంగుతుంది.

కొత్తకోట మగ్గాల ఊరు. నూలు బాకీ, చీర ధర, మిగిలిన కూలి.. లెక్క తెలియని ఇల్లు ఉండదు. పక్కనే ఉన్న సూగూరు పేరు మీద వనపర్తి సంస్థానం ఒకప్పుడు నాణేలు ముద్రించింది. గద్వాల, నారాయణపేటలకూ సొంత నాణేలుండేవి. ఆ తర్వాత నిజాం హాలీ సిక్కా వచ్చింది. ఏ నాణెం ఎక్కడ చెల్లుతుందో చూసుకుంటూ బతికిన సీమ ఇది. అందుకే ఇక్కడ రామమాడల ఘట్టం రుచే వేరు. రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చిన రామలక్ష్మణులు ఆరు లక్షల మాడలూ తానీషా ముందు పోసి, ఊరికే వెళ్లిపోరు. చెల్లుచీటీ రాసిమ్మంటారు! దేవుడైనా రసీదు తీసుకోవాల్సిందే. దాసుగారు ఎడమ అరచేతిని కాగితంలా చాచి, కుడిచేత్తో తానీషాగా దస్కతు చేసి, ఆ అరచేతినే రామోజీగా కళ్లకద్దుకుంటారు. ఇచ్చింది, పుచ్చుకుంది ఒకే మనిషి చేతులు. మొత్తం కథలో నాకు ఇంతకన్నా గొప్ప ఘట్టం లేదు.

రాత్రంతా సాగిన కథను ఇప్పుడు గంటన్నరలో ముగించమంటున్నారు. కోత పెడితే ముందు పోయేది దర్బారే. పాటలను జనం అడుగుతారు కాబట్టి అవి ఉంటాయి. తానీషా నాలుగు కేకలకు కుదించుకుపోయి ఉత్త దుర్మార్గుడిగా మిగులుతాడు. రాబోయే నవమికి కథ పెట్టించే పెద్దలు దాసుగారికి ఇంకో గంట ఇవ్వండి. దర్బారు ఘట్టం లెక్కలతో సహా పూర్తిగా చెప్పమని ముందే అడగండి.