ఫస్టు ప్రైజు లేని రేసుకు స్టాంపు వేసే పని

"గెలిస్తే ఎంతిస్తారప్పా?"

పెనుకొండ దగ్గర హైవే పక్కన టేబుల్ వేసుకుని కూర్చున్న ప్రతిసారీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఏమీ ఇవ్వరంటే నమ్మరు. ఫస్టు ఎవరొచ్చారో కూడా లెక్క వేయరంటే అసలే నమ్మరు. "మరి బెంగళూరు నుంచి ఎందుకు తొక్కుకుంటా వస్తాండారు? బస్సులు లేవా?" అని ఒక పెద్దాయన నిజంగానే జాలిపడ్డాడు.

దీని పేరు బ్రెవె. ఫ్రాన్స్‌లో పుట్టిన సైకిల్ పద్ధతి. 200, 300, 400, 600 కిలోమీటర్ల రైడ్‌లుంటాయి. గడువులు వరుసగా పదమూడున్నర, 20, 27, 40 గంటలు. ఆ లోపు వస్తే పాస్, అంతే. లేపాక్షి బసవన్న, పెనుకొండ కోట బెంగళూరుకు ఒక్కరోజు దూరమే కాబట్టి అక్కడి సైక్లిస్టులకు మన 44వ నంబరు హైవే అంటే ఇష్టం. నాది హిందూపురం. నేను 20 కిలోమీటర్లు తొక్కితే మరుసటిరోజు మెట్లు ఎక్కలేను. అందుకే వాలంటీర్‌నయ్యాను.

పని వినడానికి చిన్నదే. దారిలో కొన్నిచోట్ల కంట్రోళ్లు ఉంటాయి. రైడర్ బ్రెవె కార్డు ఇస్తాడు, మేం టైం రాసి స్టాంపు వేస్తాం. ప్రతి కంట్రోల్‌కూ తెరిచే టైం, మూసే టైం ఉన్నాయి. 600 కిలోమీటర్ల దాకా సగటున గంటకు 15 కిలోమీటర్లన్నా రావాలి. అంటే పొద్దున 6కి బయల్దేరితే, 120వ కిలోమీటరు దగ్గరున్న మా టేబుల్ మధ్యాహ్నం 2కి మూతపడాలి. మరీ రాకెట్‌లా వచ్చినా లాభం లేదు. గంటకు 34 లెక్కన మేం తెరిచేదే 9:32కి.

మా గాలి గురించి కూడా చెప్పాలి. రామగిరి కొండల మీద అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి. ధర్మవరం వైపు వచ్చేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోస్తుంది. "ఈరోజు భలే స్పీడుంది బ్రో" అని నవ్వుతూ దిగుతారు. తిరిగి వెళ్లేటప్పుడు అదే గాలి మొహం మీద. నేనేమీ చెప్పను, చేతిలో ఇంకో అరటిపండు పెడతా.

టేబుల్ మీద తిండి విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. జెల్ ప్యాకెట్లు వాళ్ల జేబుల్లోనే ఉంటాయి. ఆరు గంటలు తీపే చప్పరించిన నోటికి ఉప్పూ కారం కావాలి. ఉగ్గాని ఖాళీ అయినంత త్వరగా ఇంకేదీ కాదు. తర్వాతి స్థానం ఉప్పేసిన పల్చటి మజ్జిగది.

కొత్త వాలంటీర్లు "తాగన్నా, ఇంకా తాగు" అని వెంటపడతారు. అది ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది. పరుగులో మరీ ఎక్కువ తాగి, మొదలుపెట్టినప్పటికన్నా బరువు పెరిగినవాళ్లకే ముప్పు ఎక్కువని తేలింది. అందుకే దాహమేస్తే తాగమంటాం, బలవంతం చేయం.

2023 ఏప్రిల్‌లో ఒక 300 రైడ్. ఆ ఏడాది ఆగస్టులో పారిస్-బ్రెస్ట్-పారిస్ ఉంది. 1891లో మొదలైన ఈ 1,200 కిలోమీటర్ల రైడ్ ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతోంది. దానికి పోవాలంటే అదే ఏడాది 200 నుంచి 600 దాకా నాలుగు బ్రెవెలూ పూర్తి చేయాలి. 1:48కి ఒకాయన వచ్చాడు. గడువుకు ఇంకా 12 నిమిషాలుంది.

"కార్డు ఏదన్నా?"

"ఇచ్చాను కదా."

కార్డు ఆయన చేతిలోనే ఉంది.

టైం రాసి స్టాంపు వేశాం, అది ఆయన హక్కు. వేస్తూనే నీడలోకి లాక్కెళ్లాం. ఎండలో మాట తడబడితే అది అలసట అనుకోకూడదు. వడదెబ్బకు మాకు నేర్పింది ఒకటే: ముందు చల్లబరచు, తర్వాత ఆసుపత్రి. పక్కన జ్యూస్ షాపాయన ఐసు బకెట్ పరుగున తెచ్చిచ్చాడు. తడి తువ్వాళ్లు మెడకు, చంకల్లో పెట్టాం. ఇద్దరు అట్టలతో విసిరారు. ఇంకొకరు 108కి ఫోన్ చేశారు. బండి వచ్చేసరికి తన పేరు, ఇంటి నంబరు సరిగ్గా చెప్పాడు. వెంటనే లేచి హెల్మెట్ వెతికాడు. పారిస్ కోసం ఆయనకు మిగిలిన ఆఖరి 300 అదేనట.

"పోకూడదన్నా" అన్నాను.

"మళ్లీ నాలుగేళ్లు" అన్నాడు స్ట్రెచర్ మీద నుంచి. ఏం చెప్పాలో తోచలేదు, ఇప్పటికీ తోచదు. ఆ నాలుగేళ్లు 2027కి పూర్తవుతాయి.

కంట్రోళ్ల మధ్య రైడర్‌కు సొంత మనుషుల సాయం ఉండకూడదు. దుకాణంలో ఎవరి డబ్బుతో వాళ్లు కొనుక్కోవచ్చు. తమ్ముడు బైకులో వెనకే వచ్చి ఎళనీరు అందిస్తే మాత్రం డిస్‌క్వాలిఫై. రేస్ అక్రాస్ అమెరికాలో దీనికి పూర్తిగా రివర్స్. దాదాపు 4,800 కిలోమీటర్లు, సోలో రైడర్‌కు 12 రోజులు. రాత్రిళ్లు క్రూ బండి వెనకే ఉండి తీరాలి. ఎప్పుడు పడుకోవాలి, ఏం తినాలి అన్నీ క్రూ చూసుకుంటుంది. 2017లో ఆర్మీ డాక్టర్ శ్రీనివాస్ గోకుల్‌నాథ్ దాన్ని సోలోగా పూర్తి చేసిన మొదటి భారతీయుల్లో ఒకరయ్యారు. ఆయన వెనక బండిలో నిద్రలేకుండా కూర్చున్నవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఈ రూల్ చెప్పడం ఒక్కోసారి కష్టం. ధర్మవరం నుంచి ఒకమ్మ కొడుక్కి క్యారియర్ తెచ్చి, రెండు కిలోమీటర్ల ముందు రోడ్డు పక్కన నిలబడింది. "అక్కడ ఇస్తే మీవాడి రైడ్ పోతుందమ్మా, మా టేబుల్ దగ్గరికి రాండి" అని తీసుకొచ్చాను. కంట్రోల్ దగ్గరైతే తప్పులేదు. కొడుకు రెండు ఓళిగలు తిని పోయాడు. మిగతావి ఆమె ఎవరికీ దాచలేదు. ముక్కూమొహం తెలియని పిల్లలందరికీ పెట్టి, ఆఖరి రైడర్ పోయేదాకా అక్కడే కూర్చుంది. పారిస్ రైడ్‌లో కూడా ఇలాగే ఇళ్ల ముందు బల్లలు వేసి కాఫీ ఇస్తారట. ఫ్రాన్స్ దాకా ఎందుకు, మనకు ధర్మవరం ఉంది.

రావాలనుకుంటే సైకిల్ అక్కర్లేదు. గడియారం చూసి టైం సరిగ్గా రాయగలిగితే చాలు. బెంగళూరు, హైదరాబాద్ సైక్లింగ్ క్లబ్బులు వాలంటీర్ల కోసం ఎప్పుడూ వెతుకుతూనే ఉంటాయి. రాత్రి కంట్రోల్ అయితే టార్చి, మెరిసే జాకెట్, రెండు చెత్త సంచులు తెచ్చుకోండి. ఉగ్గాని నేను చూసుకుంటా.