పాల పరీక్ష యంత్రం: అద్దెకా, సొంతానికా?

వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూపి బిల్లు కూడా ఇచ్చే యంత్రాలు నేడు అనేక పాల సంఘాలలో ఉన్నవి. ఉదాహరణకు, నెలకు రూ. 1,500 అద్దె అయితే అయిదేండ్లకు రూ. 90,000, మరమ్మతు కంపెనీదే. రూ. 60,000కు కొని, ఏటా రూ. 4,000 సాఫ్ట్‌వేర్ చందా కడితే రూ. 80,000, మరమ్మతు సంఘానిదే. పైకి రూ. 10,000 తేడా. కాని చందా ఆగిన నాడు యంత్రం కూడా ఆగితే, కొన్నదైనా అద్దెదానితో సమానమే.

కావున పాలకవర్గం తీర్మానం చేసే ముందు కంపెనీ నుండి ఈ విషయాలు వ్రాతపూర్వకంగా తీసుకొనవలెను: చందా లేకున్నా పరీక్ష జరుగునా? సభ్యుల పాల లెక్కలు సంఘానికి తిరిగి ఇస్తారా? మరమ్మతుకు ఎన్ని రోజులు?

ఏ పద్ధతి ఎంచుకున్నా గెర్బర్ పరికరాలను, యాసిడ్‌ను, చేతి రిజిస్టరును సిద్ధంగా ఉంచండి. యంత్రం ఆగిన పూట కూడా సభ్యునికి వెన్న ప్రకారమే ధర ఇవ్వాలి.