గాలిలో నిలిచే డేగ

డేగ మన తెలుగు మాట. ఆకాశంలో గుండ్రముగా తిరిగి, అదను చూచి నేలపైకి దూకే పక్షి పేరు అది. విశాఖపట్టణంలోని నౌకాదళ వైమానిక స్థావరానికి ఆ పేరే పెట్టినారు. 1991లో ప్రారంభమైన ఐ.ఎన్.ఎస్. డేగలో 2009 మార్చి 24న 350వ నంబరు హెలికాప్టరు దళం ఏర్పడినది. 'జలాశ్వ' నౌకతోపాటు అమెరికానుండి కొనితెచ్చిన యు.హెచ్. 3 హెచ్. హెలికాప్టర్లు దాని వాహనాలు.

నౌకాదళపు ప్రత్యేక చర్యలకు తోడ్పడడం ఈ హెలికాప్టర్ల పనులలో ఒకటి. 1987లో ఏర్పడిన 'మార్కోస్' అనే కమాండోలు దిగవలసిన తావున హెలికాప్టరు వాలడానికి చోటుండదు. అది గాలిలో కదలక నిలవాలి. వారు త్రాటిమీద జారి దిగాలి. చూచేవారికి సాహసమంతా దిగేవారిదే అనిపిస్తుంది. కాని పైలటు చేయి రవంత తడబడినా క్రింది ప్రాణం ప్రమాదంలో పడుతుంది. తిరిగే రెక్కలు క్రిందికి త్రోసే గాలివల్లనే యంత్రం పైన నిలుస్తుంది. ఆ గాలియే దుమ్మును, నీటితుంపరను లేపి పైలటు కళ్ళకు నేలను మరుగుపరుస్తుంది. అప్పుడు తలుపువద్దనున్న సహచరుని మాటయే అతనికి చూపు.

ఈ విద్యతో ఉద్దానానికి పనియేమని అడుగవచ్చు. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినది. గంటకు 140 కిలోమీటర్లకు మించిన గాలికి కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. చెట్లు, కరెంటు స్తంభాలు అడ్డుపడి పల్లెలకు బాటలు మూసుకొన్నవి. బాట లేనిచోట కమాండోను దింపే నేర్పే, బాట తెగిన ఊరినుండి మనిషిని పైకి తీయడానికీ కావాలి.

అయితే ఉపాధ్యాయులు పిల్లలకు తప్పక చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. తుపాను ఉధృతంగా వీచేవేళ హెలికాప్టరును నమ్ముకొనరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినపుడు డేగ స్థావరమే దెబ్బతిన్నది. మొదటి రాత్రి ప్రాణం నిలిపేవి చెవినిబెట్టిన హెచ్చరిక, వేళకు చేరిన గట్టి కట్టడం. ఆకాశమార్గాన వచ్చే సాయం గాలి తగ్గిన తరువాతి మాట.

2024 జూన్ 28న ఆ పాత హెలికాప్టర్లు సేవనుండి విరమించినవి; వాటి స్థానంలో సీకింగ్ 42 సి. రకం వచ్చినది. యంత్రం మారినా, గాలిలో నిలకడగా నిలిచే అభ్యాసం ప్రతి పైలటూ మొదటినుండి నేర్చుకోవలసినదే.