ఐదు రోజుల యుద్ధం, 1,265 రోజుల పాలన

భారత సైన్యం హైదరాబాద్ సంస్థానాన్ని స్వాధీనం చేసుకున్న పోలీసు చర్య అనగానే మనకు గుర్తొచ్చేది ఐదు రోజులు: 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా. మర్నాడు, 18న, సికింద్రాబాద్ సమీపంలో నిజాం సేనాని ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. మన పాఠ్యపుస్తకాలు అక్కడితో పేజీ తిప్పేస్తాయి. అసలు లెక్క మొదలయ్యేది ఆ రోజునుంచే.

ఆ 18 నుంచి 1952 మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసేదాకా 1,265 రోజులు. అంతకాలం హైదరాబాద్ రాష్ట్రాన్ని ఏలినవాళ్లలో ప్రజల ఓటుతో గద్దెనెక్కిన ప్రభుత్వాధినేత ఒక్కరూ లేరు. 1951 జనాభా లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో కోటీ 86 లక్షల మంది ఉన్నారు.

నిజాం చివరి ప్రధాని మీర్ లాయక్ అలీ. వృత్తిరీత్యా ఇంజినీరు, పారిశ్రామికవేత్త. 1947 నవంబరు చివర కుర్చీ ఎక్కి తొమ్మిదిన్నర నెలలు ఉన్నాడు. సెప్టెంబరు 17న మంత్రివర్గంతో సహా రాజీనామా చేశాడు. తర్వాత బేగంపేటలో గృహనిర్బంధం. 1950 మార్చిలో తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. సాలార్‌జంగ్ కాలం నుంచి ఎంతో గౌరవం మోసిన ప్రధాని పదవి అతనితోనే ముగిసింది.

ఆ కుర్చీ స్థానంలోకి మిలిటరీ గవర్నర్ వచ్చాడు. పాలనాధికారం నిజాం ఫర్మానా ద్వారానే చౌధురి చేతికి చేరింది. పౌర పాలన చూసేందుకు డి.ఎస్. బాఖ్లే అనే ఐసీఎస్ అధికారి ఉన్నా, చివరి మాట సైనికుడిదే. 1949 ఆగస్టులో వచ్చిన జాగీర్ల రద్దు ఈ కాలపు పెద్ద పని. రాష్ట్ర విస్తీర్ణంలో దాదాపు మూడో వంతు జాగీర్ల కిందే ఉండేది. ఎన్నికైన సభలు ఏళ్ల తరబడి నలిపే పనిని ఒక్క నిబంధనతో ముగించారు. మంచి పనే. కానీ కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ పోలీసు చర్య సమయంలోనూ, ఆ తర్వాతా చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల మంది అని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. చట్టం వచ్చిన వేగాన్ని మెచ్చుకుంటూ ఆ మరణాలను విడిచి రాస్తే అది అబద్ధపు చరిత్రే అవుతుంది.

తర్వాత రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950 జనవరి 26. అప్పుడు ముఖ్యమంత్రి అయింది ఎం.కె. వెల్లోడి. మలయాళీ, ఐసీఎస్ అధికారి. పేరు ముఖ్యమంత్రే, ఎన్నిక లేదు, ఢిల్లీ నియామకం. ఆ పదవిలో 770 రోజులున్నాడు. ఆ తర్వాత కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి దాకా ఎదిగాడు. చౌధురి 1962లో సైన్యాధిపతి అయ్యాడు. ఇద్దరికీ హైదరాబాద్ ఒక మజిలీ.

మనకు మాత్రం అది మజిలీ కాదు. 1950లో వెల్లోడి ప్రభుత్వం తెచ్చిన కౌలు చట్టం నుంచే 'రక్షిత కౌలుదారు' అనే మాట పుట్టింది. తెలంగాణలో పాత భూమి కాగితం ఏది తిరగేసినా, ఏ కోర్టు వరండాలో నిలబడినా ఆ మాట వినిపిస్తుంది. తాత పేరు కౌలు రిజిస్టరులో ఉందని నిరూపించుకోవడానికి మనవళ్లు ఇప్పటికీ తిరుగుతున్నారు. ఊళ్లలో మాత్రం ఆ చట్టం పక్కనే తుపాకులూ ఉన్నాయి. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని కమ్యూనిస్టులు విరమించింది 1951 అక్టోబరులో.

ఎన్నికలు రాగానే జనం తీర్పు చెప్పారు. 175 స్థానాల్లో కాంగ్రెస్‌కు 93, కమ్యూనిస్టులు నిలబడ్డ పీడీఎఫ్‌కు (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) 42. నల్లగొండ లోక్‌సభ స్థానంలో పీడీఎఫ్ అభ్యర్థి రావి నారాయణరెడ్డికి పడిన ఓట్లు నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ. మూడేళ్లు మాట్లాడనివ్వని జిల్లా అలా మాట్లాడింది.

బూర్గుల గద్దెనెక్కి ఆరు నెలలు నిండకముందే, సెప్టెంబరులో, స్థానికులకే ఉద్యోగాలివ్వాలన్న విద్యార్థుల ముల్కీ ఉద్యమం వీధుల్లోకొచ్చింది, కాల్పులూ జరిగాయి. బయటి ప్రాంతాల నుంచి ఉద్యోగులను తెచ్చింది అంతకుముందటి పాలన. విద్యార్థులు నిలదీసింది మాత్రం తాము ఎన్నుకున్న ప్రభుత్వాన్ని.