జెండా దించు వేళ

1998లో సైబర్ టవర్స్ వెలసిన పిదప హైదరాబాదు హైటెక్ సిటీ చుట్టును కార్యాలయములతోపాటు భోజనశాలలును పెరిగినవి. వానిలో ఒక తరహావానియందు ధర ఒక్కటే. ఎంత తిన్నను అంతే. బల్ల నడుమ నిప్పుల కుంపటి, దానిపై మాంసపు ముక్కలు గ్రుచ్చిన ఇనుప చువ్వలు. బల్లపై చిన్న జెండా నిలిచియున్నంతసేపు వడ్డన సాగును; దించిన ఆగును. బ్రెజిలు దేశమున 'రొడీజియో' అను ఇట్టి విందులో వడ్డించువారే పెద్ద చువ్వలతో బల్లబల్లకు తిరిగి మాంసము కోసి పెట్టుదురు.

ఈ విందులో మనిషి అధికముగా తినుటకు కారణమేమి? మాంసమును కాల్చినపుడు అందలి ఆమినో ఆమ్లములు, చక్కెరలు కలిసి కమ్మని వాసనను పుట్టించును. ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ వర్ణించెను. పైగా ఒకే రుచి త్వరగా మొగము మొత్తును గాని, కోడి తరువాత చేప, చేప తరువాత రొయ్య వచ్చిన ఆకలి మరల లేచినట్లుండును.

కడుపులోను ఒక జెండా కలదు. జీర్ణాశయపు గోడ సాగినపుడు వేగస్ నాడి మెదడునకు వార్త చేర్చును. మాంసకృత్తులు, కొవ్వు చిన్నప్రేగును చేరినపుడు కోలిసిస్టోకైనిన్ అను హార్మోను వెలువడి 'చాలు' అనిపించును. అయితే ఈ తృప్తి చక్కగా తెలియుటకు సుమారు 20 నిమిషములు పట్టును. చువ్వలు అంతకంటె వేగముగా వచ్చును.

దినమంతయు కూర్చుండి చేయు పనికి మితిమీరిన తిండి తోడైనచో కాలేయమున కొవ్వు పేరుకొనును. హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో ప్రకటించిన అధ్యయనములో 345 మంది ఐటీ ఉద్యోగులలో 84 శాతము మందికి కాలేయమున కొవ్వు అధికముగా కనిపించినది. కావున నాలుగు ముక్కలు తిని, జెండా దించి, పావుగంట ఆగి చూచుట మేలు. ఇంకను ఆకలియున్నచో జెండాను మరల నిలుపవచ్చును; ధర ఎటులను మారదు.