ప్రైవేటు రాకెట్టు – రాజ్యబాధ్యత

2022 నవంబరు 18వ తేదీన శ్రీహరికోటనుండి ‘విక్రమ్-ఎస్’ అను చిన్న రాకెట్టు పైకెగసి, సుమారు 89 కిలోమీటర్ల యెత్తునకు పోయి, బంగాళాఖాతమున పడినది. దానిని నిర్మించినది ప్రభుత్వము కాదు. హైదరాబాదునందలి స్కైరూట్ అను ప్రైవేటు సంస్థ. అనుమతి నిచ్చినది మాత్రము ‘ఇన్-స్పేస్’ అను కేంద్రప్రభుత్వ సంస్థ. సొంత రాకెట్టు నెగురవేయువారికి సర్కారు అనుమతి యేల యని కొందరడుగవచ్చును.

సమాధానము 1967 నాటి అంతరిక్ష ఒడంబడికలో కలదు. దాని 6వ అధికరణము ప్రకారము, ప్రైవేటు సంస్థలు అంతరిక్షమున చేయు పనులకు సైతము వాని దేశమే అంతర్జాతీయముగా బాధ్యత వహింపవలెను. వానికి అనుమతి నిచ్చి, ఎడతెగక పర్యవేక్షింపవలెను. సముద్రవర్తకమున ఓడవలన కలిగిన నష్టమునకు సామాన్యముగా ఓడ యజమానియే ఉత్తరవాది. ఇచ్చట లాభము వర్తకునిది, పూచీ రాజ్యముది.

1972 నాటి బాధ్యతా ఒడంబడిక ఇంకను కఠినమైనది. ప్రయోగించిన వస్తువు భూమిపై నష్టము కలిగించినచో, తప్పెవరిదని విచారింపకయే ప్రయోగరాజ్యము పరిహార మీయవలెను. 1978లో అణుఇంధనము గల సోవియట్ ఉపగ్రహము ‘కాస్మాస్ 954’ కెనడాలో కూలెను. ఆ వివాదము 1981లో 30 లక్షల కెనడా డాలర్లకు పరిష్కారమైనది.

అయితే ఇందొక మెలిక యున్నది. 7వ అధికరణము ప్రకారము ప్రయోగరాజ్యపు సొంత పౌరులకు ఈ ఒడంబడిక వర్తింపదు. భారతీయ రాకెట్టు శకలము పరదేశమున పడినచో ఆ దేశము పరిహారము కోరవచ్చును. అదే శకలము కైవారమున మల్బరీ తోటలోనో, చింతామణి టొమాటో చేనులోనో పడినచో ఆ రైతునకు ఒడంబడిక అక్కరకు రాదు. శ్రీహరికోట రాకెట్లు సముద్రముమీదుగా పోవును గనుక కైవారమువారికి భయము స్వల్పమే. పులికాటు తీరపు జాలరులకు మాత్రము ఈ ప్రశ్న వట్టి ఊహ కాదు.

ఇక స్వదేశ చట్టము సంగతి. 2017లో అంతరిక్ష కార్యకలాపముల బిల్లు ముసాయిదా ప్రజాభిప్రాయమునకై వెలువడెను. ప్రభుత్వముపై వచ్చు దావాల నష్టమును అనుమతి పొందిన సంస్థయే భరింపవలెనని అందు కలదు. ఆ ముసాయిదా శాసనము కాలేదు. 2023లో అంతరిక్ష విధానము, 2024లో ఇన్-స్పేస్ నియమావళి వచ్చినవి. ఇవి వర్తకులకు దారి చూపునవే గాని, పార్లమెంటు చేసిన చట్టములు కావు. కావున నష్టపడిన స్వదేశీయుడు సాధారణ న్యాయస్థానములలో, సాధారణ నష్టపరిహార సూత్రముల ననుసరించి, తప్పెవరిదో తానే నిరూపించుకొనవలసి రావచ్చును.