విద్యార్థులు - తిండి వ్యసనము

మద్యపానము వ్యసనమనిన నెల్లరు నంగీకరింతురు. తిండియు నొక వ్యసనము కాగలదనిన మాత్రము నవ్వువారే పెక్కురు. తినక బ్రదుకువాడెవడని వారి ప్రశ్న. ప్రశ్న సహజమే, కాని నవ్వి త్రోసివేయదగిన విషయము గాదిది.

2009వ సంవత్సరమున అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున ఆష్లీ గేర్‌హార్ట్ మొదలగువారు 25 ప్రశ్నలతో నొక కొలమానమును నిర్మించిరి. ఎంత తింటివని మాత్రమే కాదు, మానదలచియు మానలేకున్నావా, హానియని యెఱిగియు తినుచున్నావా యని వా రడిగిరి. మొట్టమొదట బదులు చెప్పిన 353 మందియు విద్యార్థులే. వారిలో నూటికి 11 మందికి పైగా వ్యసనలక్షణములు గలవారని తేలెను. ఈ సంఖ్య యొక్కచోటిది; లోకమున కంతకును వర్తింపదు. 2013లో అమెరికా మనోవైద్యులు ప్రకటించిన రోగపట్టికలో తిండి వ్యసనమునకు చోటు దొరకలేదు. అదుపుతప్పి తినుట యను రుగ్మతకు మాత్రము దొరకినది. పండితుల వాదము తెగకపోవచ్చును. విద్యార్థి బాధ మాత్రము వాదమునకై వేచియుండదు.

వ్యసనమున కన్ని తిండ్లును సమానములు కావు. 2015లో 120 మంది విద్యార్థుల ముందు 35 ఆహారములుంచి విచారింపగా, చాక్లెట్, పిజ్జా, చిప్స్ వంటివి పైవరుసను నిలిచినవి. దోసకాయను విడువలేకున్నామన్నవా రరుదు. 2019లో కెవిన్ హాల్ బృందము 20 మందిని పరీక్షింపగా, అతిగా సంస్కరించిన ఆహార మొసగిన రెండు వారములలో వారు దినమునకు సుమారు 500 కెలోరీలు అధికముగ తినిరి. కావున దోషమంతయు తినువాని మనోదౌర్బల్యమున మోపుట న్యాయము గాదు.

మన వసతిగృహముల సంగతి చూడుడు. రాత్రి భోజనశాల మూతపడును; చదువు నడిరాత్రివరకు సాగును. ఆ వేళ నాకలిగొన్నవానికి దొరకునది చిప్సుపొట్లము, తీపిపానీయము, లేదా ఫోను మీట నొక్కిన వచ్చు పిజ్జా. పెరుగన్నము దొరకదు. ఆకలి తీరినను అలవాటు నిలిచిపోవును. పిదప సిగ్గు, సిగ్గుచే దాగి తినుట, దాగి తినుటచే మరింత సిగ్గు.

అతిగా సంస్కరించిన ఆహారమును తగ్గింపుడని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో హితవు చెప్పినది. హితవు గోడకంటించిన చాలదు. పరీక్షాకాలమున రాత్రివేళ వేడి యన్నము, మజ్జిగ, పండ్లు దొరకునట్లు చేయుట యధికారులకు పెనుభారము గాదు. సాయము కోరివచ్చిన విద్యార్థిని తిండిపోతని పరిహసింపక యాలకించు వైద్యుడును ప్రతి విద్యాలయమున నుండవలెను. జిహ్వను జయింపుమని యువకునకు బోధించుటకు ముందు, వానికి మంచి కూడు పెట్టితిమా యని పెద్దలు తమ్ముతామే ప్రశ్నించుకొందురు గాక!